ఆ బండి ఎక్కడ ఖాళీ అయింది? మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, ప్రజారోగ్య విభాగం అధికారులకు, వార్డు శానిటేషన్ సెక్రటరీలకు,

నమస్కారం.

సెప్టిక్ ట్యాంకు బండ్లు ఇళ్ల దగ్గర లాగిన మలాన్ని రాత్రిపూట పంట కాలువలో వదులుతున్నాయని సోమవారం అర్జీల్లో మూడుసార్లు రాసిచ్చాం. మూడుసార్లూ రసీదు నంబరు ఇచ్చారు. మూడుసార్లూ వారం తిరక్కముందే ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. కాలువ గట్టు మీద పైపు ఈడ్చిన చార, దాని చివర నల్లటి మడ్డి, మడ్డిలో పిల్లల డైపర్లు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకని ఈసారి అర్జీ పెట్టెలో వేయకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ముందే ఒక మాట. ఇది బండి డ్రైవర్ల మీద ఫిర్యాదు కాదు. వాళ్లను నాలుగు రోజులు పట్టుకుని, జరిమానా వేసి, ఫొటో పేపర్లో వేయిస్తే ఐదో రోజు మరో కాలువ దగ్గర అదే పని జరుగుతుంది. ఇంటి యజమాని డబ్బు ఇచ్చి గేటు వేసుకుంటాడు. అక్కడి నుంచి ఆ బండి ఎక్కడికి వెళ్లిందో చెప్పే కాగితం ముక్క కూడా మన ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. యజమాని దగ్గరా లేదు, బండి వాడి దగ్గరా లేదు, మీ ఆఫీసులోనూ లేదు. మా బాధంతా ఆ కాగితం గురించే.

ఇప్పుడు జరుగుతున్నది

1. ట్యాంకు అంటే ఏమిటో ఎవరూ చూడటం లేదు. మన ఊళ్లో భూగర్భ డ్రైనేజీ లేదు. మరుగుదొడ్డి నీళ్లన్నీ ఇంటి ఆవరణలోనే దిగాలి. ఐదుగురున్న ఇంటికి సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెప్పే ట్యాంకు చిన్నదే: మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీళ్లు, ఆపైన 30 సెంటీమీటర్ల ఖాళీ. అడుగు, గోడలు నీళ్లు కారకుండా ప్లాస్టరింగ్ చేసి ఉండాలి. బయటికి పోయే నీళ్లు ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే టీ పైపు గుండా వెళ్లి ఇంకుడు గుంటలో ఇంకాలి. ఆ ఇంకుడు ఏర్పాటు తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. ట్యాంకును గడువు ప్రకారం తీయించాలన్నది కూడా ఆ ప్రమాణంలోనే ఉంది.

మన దగ్గర కనిపించేది వేరు. నాలుగు సిమెంటు వరలు దించి, అడుగు వదిలేసి, పైన మూత పెట్టి దాన్నే సెప్టిక్ ట్యాంకు అంటున్నారు. నిజంగా ట్యాంకు కట్టిన చోట ఇంకుడు గుంట లేదు. బయటి పైపు నేరుగా సైడు కాలువలోకి తిప్పి ఉంటుంది. ‘మా ట్యాంకు పదిహేనేళ్లయినా నిండలేదు’ అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. నిండలేదంటే రెండే కారణాలు: అడుగు నుంచి భూమిలోకి కారుతోంది, లేదా మడ్డి ఎప్పటికప్పుడు సైడు కాలువలోకి కొట్టుకుపోతోంది. పక్కింటి చేతిపంపు సంగతి చెప్పక్కర్లేదు.

2. డబ్బు తీసుకుంటున్నారు, మడ్డి తీయడం లేదు. ట్యాంకులో మూడు పొరలుంటాయి. పైన తెట్టు, మధ్యలో నీళ్లు, అడుగున మడ్డి. పైపు దించి మోటారు వేయగానే ముందు వచ్చేవి నీళ్లు. బండి నిండుతుంది, పైపు చుట్టేస్తారు, అడుగున గట్టిపడిన మడ్డి అక్కడే ఉంటుంది. ఆరు నెలలకే మరుగుదొడ్డి మళ్లీ పొంగుతుంది. ఇంటివాళ్లు మేస్త్రీని తిడతారు. సరిగా చేయాలంటే సగం లాగాక కొంత నీటిని వెనక్కి కొట్టి అడుగును కలియబెట్టాలి, పైపు చివరను మూలమూలకూ తిప్పాలి. రెండు గదుల ట్యాంకయితే రెండు మూతలూ తీసి రెండు గదులూ లాగాలి. మొదటి గది ఒక్కటే లాగి వెళ్లిపోవడం మామూలైపోయింది.

ఇంకో తిరకాసు కొలతల దగ్గర ఉంది. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీటి లోతు ఉంటే 120 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 3,400 లీటర్లు. ఇది 4,000 లీటర్ల బండికి ఒక ట్రిప్పు. అదే 8, 5, 5 అడుగులైతే 5,660 లీటర్లు, అంటే రెండు ట్రిప్పులు. ఈ లెక్క ఇంటివాళ్లకు తెలియదు, బండివాళ్లు చెప్పరు. ఒక ట్రిప్పుతో ‘క్లీన్ అయిపోయింది సార్’ అంటే నమ్మాల్సిందే.

3. ఒక్క బండి అంటే చిన్న సంగతి కాదు. ట్యాంకులో రెండు మూడేళ్లు పేరుకున్న మడ్డి మామూలు మురుగునీటి కంటే ఎన్నో రెట్లు చిక్కన. మురుగునీటిలో బీఓడీ (మలినం కుళ్లేటప్పుడు నీటిలోంచి లాగేసే ఆక్సిజన్ లెక్క) లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములుంటే, ఈ మడ్డిలో వేలల్లో ఉంటుంది. లీటరుకు 5,000 అనుకున్నా 4,000 లీటర్ల బండిలో 20 కిలోలు. ఒక మనిషి రోజుకు మురుగులో కలిపే బీఓడీ 27 గ్రాములని ప్రజారోగ్య ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే ఒక బండిని కాలువలో వదలడం 740 మంది ఒక రోజు మురుగును ఒకేసారి, ఒకేచోట కుమ్మరించినట్టు. పది నిమిషాల పని. ఆ తర్వాత ఆ నీటిలో చేపకు ఊపిరాడదు.

4. ఆ కాలువ నీళ్లే కింది ఊళ్లు తాగుతున్నాయి. డెల్టాలో ఈ విషయం చిన్నపిల్లలకూ తెలుసు, మళ్లీ రాయాల్సి రావడమే సిగ్గుచేటు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ప్రతి పంచాయతీ తన మంచినీటి చెరువును కాలువ నీటితోనే నింపుకుంటుంది. కాలువలు మళ్లీ వదిలేదాకా ఆ చెరువే దిక్కు. ఇసుక ఫిల్టరు, ఆపైన కొంచెం క్లోరిన్, అంతే శుద్ధి. కలరా, టైఫాయిడ్ క్రిములకు క్లోరిన్ పనిచేస్తుంది. ఏలికపాముల గుడ్లకు చేయదు. అవి తడి నేలలో నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్లలో పిల్లలచేత నులిపురుగులను చంపే ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నాం. ఆ మాత్ర చంపిన పురుగు గుడ్లను మళ్లీ కాలువలో పోసి పంపుతున్నది మనమే.

‘పొలంలో పోస్తే ఎరువే కదా’ అనే వాదన కూడా వింటున్నాం. శుద్ధి చేసి, ఎండబెట్టి, నిల్వ ఉంచాక ఎరువే. పచ్చిగా పోస్తే కాదు. ఆ నేలలో ఉత్త కాళ్లతో నాట్లు వేసే కూలీల పాదాల చర్మంలోంచే కొంకిపురుగులు ఎక్కుతాయి. ఆకుకూరల మడిలో పోస్తే మన సంతకే తిరిగొస్తుంది.

5. డ్రైవర్ కాలువ దగ్గరే ఎందుకు ఆగుతాడు? ఉదాహరణకు శుద్ధి కేంద్రం 18 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రానూపోనూ 36 కిలోమీటర్లు. నిండు బండి లీటరుకు నాలుగైదు కిలోమీటర్లకు మించి ఇవ్వదు. ఎనిమిది లీటర్ల డీజిలు ఖర్చు. రెండు గంటల సమయం పోతుంది, అంటే ఆ పూట ఇంకో ట్రిప్పు పోయినట్టే. అంత దూరం వెళ్లాక కేంద్రం గేటు సాయంత్రం ఐదుకే మూసి ఉంటుంది, లేదా లోపల దింపడానికి రుసుము అడుగుతారు. కాలువ గట్టు మాత్రం ఊరికి ఆనుకునే ఉంది, గేటు లేదు, రుసుము లేదు, రాత్రి పదకొండుకు కూడా తెరిచే ఉంటుంది. డబ్బేమో ఇంటి దగ్గరే చేతిలో పడిపోయింది. ఇక కేంద్రం దాకా వెళ్లడానికి అతనికి మిగిలిన కారణం ఒక్కటైనా ఉందా?

6. మనిషిని దించుతున్నారు. అన్నిటికన్నా ఘోరం ఇదే. దించేది ఎక్కడెక్కడో ముందుగానే చెప్పవచ్చు. బండి పట్టని సందుల్లో. మూత మీద టైల్స్ పరిచేసిన ఇళ్లలో. ట్యాంకు మీదే వంటగదో కారు షెడ్డో కట్టేసిన చోట. పదేళ్లుగా తీయించక మడ్డి గడ్డకట్టి పైపుకు రాని చోట. అప్పుడు ఒక మనిషికి బకెట్, పార ఇచ్చి, కొంచెం మందు తాగించి లోపలికి పంపుతారు.

లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు, అడుగునే ఉంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100 పాళ్లు) దాటాక ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. ‘వాసన తగ్గిందిలే, దిగు’ అన్న మాటే చంపుతుంది. 700 దాటితే మనిషి అక్కడికక్కడే కుప్పకూలతాడు. గంటసేపు మూత తీసి ఉంచాం కదా అంటారు. ఆ వాయువు మడ్డిలో బుడగలుగా ఇరుక్కుని ఉంటుంది, కాలు పెట్టి కదిపినప్పుడు ఒక్కసారిగా పైకి వస్తుంది. దీపం దించి చూడటం ఇంకా ప్రమాదం. అదే ట్యాంకులో మీథేన్ కూడా ఉంటుంది, గాలిలో 5 శాతానికి చేరితే అంటుకుంటుంది. పడిపోయినవాణ్ని లాగడానికి రెండోవాడు, అతని కోసం మూడోవాడు దిగుతారు. పేపర్లో వచ్చే వార్తల్లో ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే.

చట్టం ఉంది, చేసి చూపిన ఊళ్లూ ఉన్నాయి

చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. నేరుగా దించినా, కాంట్రాక్టర్ ద్వారా దించినా, ఇంటి యజమాని దించినా, మున్సిపాలిటీ దించినా ఒకటే. మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షలు. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరం ఇది. అదే చట్టంలోని 33వ సెక్షన్ ఈ పనికి యంత్రాలు వాడటం స్థానిక సంస్థ బాధ్యత అని మీ మీదే పెట్టింది. ట్యాంకులో, మురుగు లైనులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. కాలువలో, బావిలో, నేల మీద కాలుష్య పదార్థం వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తోంది. కొత్త చట్టమేదీ చేయమని మేం అడగడం లేదు.

మల వ్యర్థాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం 2017లో జాతీయ విధానం ప్రకటించింది. అదే ఏడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ తన విధానం తెచ్చింది. వరంగల్ నగరం అంతకు ముందే, 2016లో, బండ్లకు లైసెన్సులతో నిబంధనలు పెట్టుకుంది. మన డెల్టాలోనే నరసాపురంలో శుద్ధి కేంద్రం కట్టారు. హైదరాబాదులో మురుగుశుద్ధి కేంద్రాల దగ్గర ఈ బండ్లను దింపుకునే ఏర్పాటు ఉంది. మహారాష్ట్రలోని వాయి పట్టణం మరో అడుగు ముందుకు వేసింది. పొంగినప్పుడు ఫోను చేయడం కాకుండా, మూడేళ్లకోసారి వరుసగా ప్రతి ఇంటికీ మున్సిపాలిటీయే బండి పంపుతోంది. మన ఊరు వాటికన్నా పేదదేమీ కాదు.

ఒక హెచ్చరిక మాత్రం. శుద్ధి కేంద్రం కట్టి రిబ్బను కత్తిరించినంత మాత్రాన చాలదు, లెక్క కుదరాలి. ట్యాంకులున్న ఇళ్లు 20 వేలనుకుందాం. మూడేళ్లకోసారి తీయిస్తే ఏడాదికి 6,667 ఇళ్లు. 300 పని రోజులకు పంచితే రోజుకు 22 బండ్లు, బండికి 4,000 లీటర్లు వేస్తే 88 వేల లీటర్లు. రోజుకు 15 వేల లీటర్ల కేంద్రం కడితే నాలుగో బండికే నిండిపోతుంది. మిగిలిన పద్దెనిమిది ఎక్కడికి పోతాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు. కేంద్రం సైజు టెండరులో వేసే ముందు మన వార్డుల్లో ట్యాంకులెన్ని, వరల గుంటలెన్ని అన్న సర్వే చేయించండి.

మా డిమాండ్లు

1. డబ్బు ఇంటి దగ్గర కాదు, దింపిన చోట చేతికందాలి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ముందు చేయండి. ఇంటి యజమాని రుసుమును వార్డు సచివాలయంలో కట్టాలి. బండి యజమానికి ఆ డబ్బు శుద్ధి కేంద్రంలో దింపినట్టు ముద్ర పడ్డాకే జమ కావాలి. అప్పుడు అతని డీజిలు, సమయం, లాభం మూడూ కేంద్రం గేటు దగ్గరే ఉంటాయి, కాలువ గట్టు మీద ఉండవు. దింపడానికి డ్రైవర్ దగ్గర పైసా కూడా వసూలు చేయొద్దు. అక్కడ వంద రూపాయలు అడిగితే ఆ బండి మళ్లీ రాదు.

2. ప్రతి ట్రిప్పుకూ మూడు కాపీల చీటీ. అందులో ఉండాల్సినవి: చీటీ నంబరు, తేదీ, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, ట్యాంకు కొలతలు, ఎన్ని గదులు, కిందటిసారి ఎప్పుడు తీశారు, ఎన్ని లీటర్లు లాగారు, బండి రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని సంతకం, డ్రైవర్ సంతకం, ఇంటి దగ్గర బయల్దేరిన సమయం, కేంద్రంలో దింపిన సమయం, అక్కడి ఆపరేటర్ సంతకం. తెల్ల కాపీ ఇంటికి, పసుపు బండికి, గులాబీ మీకు. దింపిన వెంటనే ఇంటివాళ్ల ఫోనుకు మెసేజ్ పోవాలి. ఈ మెసేజ్ మాత్రం బండి నిజంగా దింపాకే పంపాలని మనవి. నెలాఖరున లాగిన లీటర్లు, దింపిన లీటర్లు పక్కపక్కన రాసి నోటీసు బోర్డు మీద అంటించండి. తేడా అదే మాట్లాడుతుంది.

3. లైసెన్సు, బండి మీద పెద్ద అక్షరాల్లో. ఇప్పుడు కరెంటు స్తంభాల మీద, గోడల మీద ‘సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్’ అని సెల్ నంబర్లు తప్ప ఇంకేమీ లేవు. లైసెన్సు నంబరు, ట్యాంకు లీటర్లు, ట్రిప్పు ధర తెలుగులో బండి రెండు పక్కలా రాయించాలి. జీపీఎస్ పెట్టాలి. లైసెన్సు ఇచ్చే ముందు వాల్వులు కారడం లేదని, పైపుల క్యాపులు బిగుస్తున్నాయని, నిండు బండి రోడ్డు మీద చుక్క పడకుండా పోతోందని పరీక్షించాలి. చిన్న బండి యజమానులను బెదరగొట్టేలా ఫీజులు పెట్టకండి. వాళ్లు లైసెన్సులోకి రావాలి, చీకట్లోకి పోకూడదు.

4. కేంద్రం పూర్తయ్యేలోగా దింపే చోటు. ‘స్థలం చూస్తున్నాం’ అన్న జవాబుతో బండ్లు ఆగవు, రోజూ తిరుగుతూనే ఉంటాయి. దగ్గరి పట్టణంలో మురుగుశుద్ధి కేంద్రం ఉంటే వాళ్లతో ఒప్పందం చేసుకోండి. అక్కడ కూడా నేరుగా మ్యాన్‌హోల్‌లో కుమ్మరించకూడదు. జల్లెడ కమ్మీల గుండా ఒక తొట్టిలో దింపి, కొద్దికొద్దిగా కలపాలి, లేకుంటే ఆ కేంద్రం కూడా చెడిపోతుంది. కందకాలు తవ్వి పూడ్చే పద్ధతి పుస్తకాల్లో ఉంది. అది మెట్ట ప్రాంతాలకు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే మన డెల్టాలో దాన్ని తలపెట్టవద్దు. సున్నం కలిపి ఘాటైన క్షార స్థితిలో, అంటే పీహెచ్ 12 దగ్గర అరగంట ఉంచితే చాలా క్రిములు చస్తాయి కానీ ఏలికపాముల గుడ్లు మిగులుతాయి. కాబట్టి సున్నం వేశాం గదా అని కాలువలో వదలడానికి అది లైసెన్సు కాదు.

శాశ్వత కేంద్రం గురించి రెండు మాటలు. పెద్ద యంత్రాలు లేకపోయినా నడుస్తుంది. ముందు కమ్మీల జల్లెడ. ప్లాస్టిక్, డైపర్లు, జుట్టు అక్కడ ఆగాలి. తర్వాత ఎండబెట్టే మడులు, మన ఉప్పు మడుల్లాంటివే, అడుగున కంకర, ఇసుక. మడ్డిని 20 నుంచి 30 సెంటీమీటర్ల మందాన పరుస్తారు. కిందికి దిగిన నీళ్లను విడిగా శుద్ధి చేయాలి, ఈ భాగాన్నే చాలాచోట్ల ఖర్చు తగ్గించడానికి ఎగ్గొడతారు. మడుల మీద వెలుతురు దూరే కప్పు తప్పనిసరి. కప్పు లేకపోతే జూలై నుంచి నవంబరు దాకా అవి మడులు కావు, చెరువులు. గేటు కనీసం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండాలి.

5. మనిషి దిగకుండా పని జరిగే ఏర్పాటు. పెద్ద బండి పట్టని సందులకు చిన్న వాహనం మీద పంపు, అదనపు పైపులు కొనండి. పైపు పొడవు పెరిగేకొద్దీ, లోతు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. ఏ పంపుకైనా ఆరేడు మీటర్ల లోతు దాటి లాగడం కష్టం, అందులోనూ చిక్కటి మడ్డిని. అందుకే సందు చివర పెద్ద బండి నిలబెట్టి వంద అడుగులకు పైగా పైపు వేస్తే చాలదు. గడ్డకట్టిన మడ్డిని కరిగించడానికి అధిక ఒత్తిడి నీటి జెట్ వాడాలి. పనివాళ్లందరినీ పారిశుద్ధ్య కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నమస్తే పథకంలో నమోదు చేయించి, రక్షణ సామగ్రి, ఆయుష్మాన్ కార్డు ఇప్పించండి. సెప్టిక్ ట్యాంకులు, మురుగు పనుల హెల్ప్‌లైను 14420 నంబరు మన ఊళ్లో ఎత్తుతున్నారా లేదా అని ఒకసారి మీరే మామూలు ఫోను నుంచి చేసి చూడండి.

6. ప్లాను అనుమతి దగ్గరే ఆపండి. కొత్త ఇంటికి అనుమతి ఇచ్చేటప్పుడు ట్యాంకు డ్రాయింగు చూడాలి, కట్టాక స్లాబు వేయకముందు ఇన్‌స్పెక్షన్ జరగాలి. ఒక్కో గదికీ తీయగలిగిన మూత, రోడ్డు వైపు పైపు అందేలా చోటు, గాలి గొట్టం, టీ పైపు, ఇంకుడు గుంట. మూత మీద వంటగది, టైల్స్ కుదరవని రాతలో చెప్పాలి. పాత ఇళ్లకు సైడు కాలువలోకి తిప్పిన పైపులు సరిచేసుకోవడానికి ఏడాది గడువు ఇవ్వండి. డెల్టాలో ఇంకుడు గుంట నీళ్లు లాగదన్న ఇళ్లకు ప్రత్యామ్నాయం మీ ఇంజనీరే చూపాలి, వాళ్లను జరిమానాలతో వదిలేయొద్దు.

7. మూడేళ్లకోసారి వార్డు వారీగా వరుస. ఒక్కసారిగా రెండు మూడు వేలు కట్టడం పేద ఇంటికి భారం, అందుకే పొంగేదాకా ఆగుతారు. 2,700 రూపాయల ఖర్చును 36 నెలలకు పంచితే నెలకు 75. ఇంటి పన్నుతో కలిపి వసూలు చేయవచ్చు. అద్దె ఇళ్లలో ఈ ఖర్చు యజమానిదేనని స్పష్టంగా రాయండి.

మా వంతు

అడగడమే కాదు, మా కాలనీల్లో మేం చేస్తామన్నది కూడా రాస్తున్నాం. ప్రతి ఇంటి ట్యాంకు కొలతలు, మూతలున్న చోటు, చివరిసారి తీయించిన నెల ఒక రిజిస్టరులో రాసి వార్డు సెక్రటరీకి అందజేస్తాం. ఏడాదికోసారి మడ్డి కొలవడం నేర్పుతాం. పొడవాటి ప్లాస్టిక్ పైపుకు కింది మూడడుగులు పాత తెల్లగుడ్డ చుట్టి, మెల్లగా అడుగు తగిలేదాకా దించి, కొన్ని నిమిషాలాగి పైకి తీస్తే నల్లగా అంటిన ఎత్తే మడ్డి ఎత్తు. నీటి లోతులో మూడో వంతుకు చేరితే బండికి చెప్పాల్సిన సమయం వచ్చినట్టే. కొలిచేటప్పుడు మూత మీదికి వంగకూడదు, దగ్గర బీడీ కాల్చకూడదు, మూత తెరిచి ఉన్నంతసేపూ పిల్లలు అటు రాకుండా ఒక మనిషి నిలబడాలి.

బండి వచ్చేసరికి టైల్స్, పూలకుండీలు తీసి మూతలు బయటపెట్టి ఉంచుతాం. డైపర్లు, ప్యాడ్లు, గుడ్డలు మరుగుదొడ్లో వేయవద్దని ఇంటింటికీ చెబుతాం, పైపు మొదట బిగుసుకునేది వాటివల్లే. బ్యాక్టీరియా పొడి వేస్తే ట్యాంకు తీయించక్కర్లేదని అమ్మేవాళ్ల మాట, యాసిడ్ పోస్తే మడ్డి కరుగుతుందన్న మాట నమ్మొద్దని కూడా. వానాకాలంలో నేల నీరు పైకి వచ్చినప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేస్తే అడుగు నుంచి నీటి ఒత్తిడికి పగుళ్లు రావచ్చు, తేలికపాటి ట్యాంకు పైకి లేవవచ్చు. అందుకని తీయించడం వేసవిలో పెట్టుకుని, లాగిన వెంటనే మామూలు నీళ్లతో నింపమంటాం. చీటీ లేని బండిని పిలవం. మనిషిని దించుతామన్న బండిని గేటు నుంచే పంపేస్తాం, పంపేశామని మీకు ఫోను చేస్తాం.

ఈ డిమాండ్లలో ఏది ఎప్పటిలోగా చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపండి. రాకపోతే ఇదే లేఖను కాలుష్య నియంత్రణ మండలికి, జిల్లా కలెక్టర్ గారికి, కాలువ నీళ్లు తాగే కింది పంచాయతీల సర్పంచులందరికీ పంపుతాం. వచ్చే వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ ఊళ్లు చెరువులు నింపుకుంటాయి. ఒకటో డిమాండూ నాలుగో డిమాండూ అప్పటికి అమలు కావాలి.

ఇట్లు,
పట్టణంలోని కాలనీ సంఘాల సభ్యులు,
ప్రజారోగ్య విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజనీర్లు,
సెప్టిక్ ట్యాంకు బండి యజమానుల్లో సంతకం పెట్టడానికి ముందుకొచ్చినవాళ్లు